మరలివచ్చినవాడు

గ్రంథాలయమునకు పోయి ఒక్క గ్రంథమునైనను తెఱువక తిరిగివచ్చిన దినము నా జీవితమున ఒక్కటే కలదు. ముప్పది రెండు సంవత్సరములు కళాశాలలో తెలుగు చెప్పి, పుస్తకముల ధూళిలోనే పుట్టితివి, ఆ ధూళిలోనే పోవుదువు అని ఇంటిల్లిపాది చేతను అనిపించుకొన్న నావంటి వానికి అది అపకీర్తియే. కాని ఆనాడు తల పైకెత్తి చూచుటయే తప్ప, తల వంచి చదువుట నాకు సాధ్యము కాలేదు. 2018వ సంవత్సరపు వేసవిలో, షికాగో నగరపు శివారున కాపురమున్న మా అమ్మాయి ఇంట కొన్ని నెలలుండుటకు పోయియుంటిమి. పగలెల్ల ఇంటిలో పలుకరించువారు లేరు. వీధిలో చెట్లున్నవి, పచ్చికయున్నది, మనుష్యుడు మాత్రము కనబడడు. నేను గోడలతో మాటాడుట ఆరంభింతునేమో యని భయపడినది కాబోలు, ఒక శనివారమునాడు మా అమ్మాయి, "నాన్నగారూ, ఊళ్ళో పెద్ద లైబ్రరీ ఉంది. తెలుగు పుస్తకాలు ఉంటాయో లేదో తెలియదుగాని, చల్లగా కూర్చోవచ్చు, రండి" అని కారెక్కించినది.

ఆ గ్రంథాలయము స్టేట్ వీధిలో ఎఱ్ఱని ఇటుక గోడలతో కోటవలె నిలిచియున్నది. 1991లో దానిని తెఱచిరి. కప్పు అంచులపై పెద్ద పెద్ద లోహపు గుడ్లగూబలు కూర్చుండి వీధిని చూచుచుండును. మన చూరుపై గుడ్లగూబ వ్రాలినచో మనము పురోహితునికి కబురు చేయుదుము. వారు విద్యకు గుఱుతని దానినే నెత్తిన పెట్టుకొనిరి. ఆ భవనమునకు హెరాల్డ్ వాషింగ్టన్ పేరు పెట్టిరి. ఆయన ఆ నగరమునకు మేయరైన మొట్టమొదటి నల్లజాతి మనుష్యుడు. అంతకంటె ముందు, రెండవ ప్రపంచ యుద్ధమున పసిఫిక్ ద్వీపములలో విమానములు దిగుటకు నేలను సిద్ధపఱచిన సైనిక దళములో పనిచేసి ఇంటికి మరలివచ్చినవాడు. ఈ సంగతి నేను పిమ్మట తెలిసికొన్నది. ఆనాడు తెలిసియున్నచో, లోపల చూడబోవు వస్తువు ఆ కప్పు క్రిందికే వచ్చి చేరుటలో ఒక ఔచిత్యము కలదని తలచియుందును.

లోపల ఒకచోట మా అమ్మాయి నా మోచేయి పట్టి ఆపి పైకి చూడుమన్నది. కప్పునుండి ఒక లోహపు మేఘము వ్రేలాడుచుండెను. పది అడుగుల వెడల్పు, నలువది అడుగుల పొడవు గల ఆ మేఘము దీపపు వెలుగున చేపల గుంపు పొరలినట్లు మినుకు మినుకుమనుచు, గాలి కదలినపుడు తానును ఇంచుక కదలుచు, నిలిచియు నిలువక యుండెను. కన్ను కుదుటపడిన పిమ్మట, అది ఒక్క వస్తువు కాదనియు, సైనికులు మెడలో ధరించు బిళ్లలను వేలకు వేలుగా సన్నని తీగెలకు కట్టి కూర్చినదనియు తెలిసినది. ఒక్కొక్క బిళ్లమీద ఒక పేరు, ఆ మనుష్యుడు పనిచేసిన సైనికశాఖ, అతడు పడిన తేది. వియత్నాం యుద్ధమున మరణించిన అమెరికా సైనికులు 58 వేల పైచిలుకు. అందు ఎనమండుగురు స్త్రీలు. బిళ్లలును అన్నియే. వియత్నాంలో పోరాడి వచ్చిన నెడ్ బ్రోడెరిక్ అను చిత్రకారుడును అతని సహచరులును దీనిని నిర్మించిరి. 2001వ సంవత్సరమున, మృతసైనికుల స్మారకదినమునాడు దీనిని మొదట మఱియొక భవనమున, మాజీ సైనికుల కళాప్రదర్శనశాలలో ఆవిష్కరించిరి. ఆ శాల చిన్న చోటికి తరలిపోగా, దీనికి తగిన యెత్తు అచట లేక, 2016లో ఈ గ్రంథాలయమునకు చేర్చిరి.

ఈ బిళ్లను అమెరికా సైనికులు డాగ్ ట్యాగు అందురు. కుక్క మెడలోని బిళ్ల యని అర్థము. తమ్ము తాము ఎగతాళి చేసికొనుటలో సైనికునికి మించినవాడు లేడు. చావు ఎదుట నున్నవానికి గౌరవవాచకములు బరువు కాబోలును. ప్రతి సైనికునికి ఇట్టివి రెండు ఇత్తురు. వాడు పడినపుడు దేహమెవరిదో తెలియుట వాని ప్రయోజనము. అనగా, తన మరణమునకు కావలసిన కాగితమును తానే మెడలో వ్రేలాడదీసికొని తిరుగుచుండవలెను. వియత్నాం అడవులలో నడచునపుడు ఈ రెండు బిళ్లలు ఒకదానికొకటి తగిలి సవ్వడి చేసినచో పొదలమాటున నున్న శత్రువు చెవిని పడునని భయపడి, కొందఱు వానిని పట్టీతో అంటించి కట్టుకొనెడివారు, కొందఱు అంచులకు రబ్బరు తొడిగెడివారు, మఱికొందఱు ఒకదానిని బూటు త్రాటిలోనికి గ్రుచ్చెడివారు. మ్రోగకుండుటయే ప్రాణము నిలుపుకొనుట. అట్టి బిళ్లలను వేలకు వేలు ఒక్కచోట చేర్చి, ఏ పట్టీయు లేక, గాలికి మ్రోగునట్లు వ్రేలాడదీసిన మనుష్యుడు ఏమి చేయుచున్నాడో తనకు తెలిసియే చేసినాడు. ఇది శిల్పశాస్త్రము చదివినవానికి తోచు ఊహ కాదు; అడవిలో తన మెడను తాను పట్టుకొని నడచినవానికే తోచును. ఆ సన్నని మ్రోతను వినుటకు నేను చెవి యొగ్గి ఎంతసేపు నిలిచితినో తెలియదు. మనుమడు వచ్చి ఆకలి అనువఱకు నిలిచితిని.

మఱునాడు నన్ను ఆ ప్రదర్శనశాలకే తీసికొనిపొమ్మని కోరితిని. అది అప్పుడు నగరమునకు వాయవ్య దిక్కున, మిల్వాకీ మార్గమున, మూడు పెద్ద దారులు కలిసికొని ఆఱు మూలలేర్పడిన కూడలి యొద్ద, దుకాణముల నడుమ ఒక మేడమీద ఉండెను. చెప్పినగాని తెలియదు. పారిసు లండనుల ప్రదర్శనశాలల పాలరాతి మెట్లను ఊహించుకొని పోయినవాడు ఇచట నిరాశ పడును. 1981లో వియత్నాం నుండి వచ్చిన కొందఱు సైనికులు తాము గీచినవానిని, చెక్కినవానిని, తమలో తాము చూచికొని దాచిపెట్టినవానిని బయటికి తీసి షికాగోలో ప్రదర్శించిరి. దాని నుండియే ఈ సంస్థ పుట్టినది. యుద్ధము ముగిసి అప్పటికి ఆఱేండ్లు. ఆ ఆఱేండ్లలో వారిని పలుకరించినవాడు లేడు. ఓడిన యుద్ధము నుండి వచ్చినవారిని చూచి ఒక వర్గము సిగ్గుపడినది, అన్యాయపు యుద్ధము నుండి వచ్చినవారిని చూచి మఱియొక వర్గము అసహ్యపడినది. 1996లో నగరపాలకులు ఇండియానా మార్గమున ఒక భవనమును చూపగా అది నిలుకడగల ప్రదర్శనశాలయైనది. మొదట వియత్నాం యుద్ధమునకే పరిమితమై, కాలక్రమమున ఇతర యుద్ధముల నుండి మరలివచ్చినవారికిని తలుపు తెఱచినది. దురదృష్టవశమున అట్టివారికి ఎన్నడును కొఱత లేదు.

అచట చూచినవానిని వరుసగా వర్ణింప నాకు శక్తి లేదు, ఇచ్ఛయు లేదు. మొత్తముమీద ఒక విషయము మాత్రము చెప్పవలెను. యుద్ధచిత్రమనగా మన మనస్సులో మెదలు కత్తి యెత్తిన సేనాని, ముందుకు దూకు గుఱ్ఱము, పొగలో ఎగురు పతాక అచట లేవు. విజయమన్న మాటకు అచట చోటే లేదు. ఉన్నవేమనగా, బురద, వాన, ఇనుపటోపి, చెమ్మగిల్లిన బూట్లు, హెలికాప్టరు తలుపు దగ్గఱ కూర్చుండి ఎటో చూచుచున్న బాలుడు. బాలుడనుటయే సరి, మీసము కట్టనివాడు. కొన్ని చిత్రములు మహా నైపుణ్యముతో గీచినవి. కొన్నింట చేతులు పొట్టివి, మెడలు వంకరవి, రంగులు పిండి పూసినట్లున్నవి. నేను చిత్రకళ నెఱిగినవాడను కాను, కాని బాగున్నదానికిని బాగులేనిదానికిని భేదము తెలియనంత మూఢుడనును కాను. ఆ బాగులేని చిత్రముల యొద్దనే నేను ఎక్కువసేపు నిలిచితిని. చేయి తిరిగినవాడు గీచినపుడు మనము ఆ చేతిని మెచ్చుకొని ముందుకు పోవుదుము. చేయి తిరుగనివాడు గీచినపుడు మెచ్చుకొనుటకు ఏమియు లేదు గనుక, వాడు ఏల గీచెనను ప్రశ్న ఒక్కటే మన ఎదుట మిగులును. దానిని దాటి పోవుట కష్టము.

అట్టి ఒక చిత్రము ముందు నా ప్రక్కన ఒక వృద్ధుడు వచ్చి నిలిచినాడు. నా యీడువాడే. కొంతసేపు ఇద్దఱమును మాటాడలేదు. పిమ్మట అతడు నా వైపు తిరిగి, "మీరు సైన్యంలో పనిచేశారా?" అని అడిగినాడు. లేదనియు, పాఠములు చెప్పితిననియు చెప్పితిని. అతడు తల పంకించి, నవ్వి, చిత్రమువైపు తిరిగినాడు. ఆ తిరుగుటలో అమర్యాద లేదు. కాని ఒక గుమ్మము మూసికొన్నట్లు నాకు తోచినది. అతడు అడిగినది పరిచయవాక్యమే యైనను, నాకు మాత్రము, దీనిని చూచుటకు నీకుగల అర్హత యేమి అని వినబడెను. అలంకారశాస్త్రము చదివినవానికి ఈ ప్రశ్న క్రొత్తది. మన ఆలంకారికుల మతమున, అనుభవించినవాడు వేఱు, ఆస్వాదించువాడు వేఱు. ఎవనికి దెబ్బ తగిలినదో వానికి రసము కలుగదు, అది వానికి దుఃఖమే. ఆ దుఃఖము కవి చేతిలో వ్యక్తిగతమైన అంటుసొంటులు వదలి సాధారణమైన పిమ్మట, దూరమున కూర్చున్న సహృదయునికి కరుణమై, బీభత్సమై, ఆనందమగును. ఆనందవర్ధనుడైతే మహాభారతమంతటికిని ప్రధానరసము శాంతమని నిర్ణయించినాడు. పదునెనిమిది అక్షౌహిణులు నశించిన కథకు శాంతము ఫలము! నేను ఈ మాటను ఎన్నో సంవత్సరములు తరగతిలో చెప్పితిని, పరీక్షలో అడిగితిని, మార్కులు వేసితిని. ఆ శాంతము ఎవరికని ఒక్క విద్యార్థియు నన్నడుగలేదు, నేనును నన్నడుగలేదు.

చదివినవానికి శాంతమే కావచ్చును. యుద్ధము చేసి మిగిలినవారు పదిమంది: పాండవులైదుగురు, కృష్ణుడు, సాత్యకి ఇటు, కృపుడు, కృతవర్మ, అశ్వత్థామ అటు. వారి శాంతి యెట్టిదో వ్యాసుడు దాచలేదు, మనమే చదువక వదలివైచితిమి. ధర్మరాజు గెలిచిన రాజ్యము వలదని, అడవికి పోదునని ఏడ్చినాడు. అశ్వత్థామ సంగతి అందఱెఱిగినదే. కాని నా మనస్సు ఆ దినము అశ్వత్థామ యొద్దకు పోలేదు. సాత్యకి కృతవర్మల యొద్దకు పోయినది. ఇద్దఱును యాదవులు, బంధువులు, ఎదురెదురు పక్షముల పోరాడి బ్రతికి ఇల్లు చేరినవారు. ముప్పదియాఱు సంవత్సరములు ఒకే నగరమున ఉండిరి. పిల్లల పెండ్లిండ్లు చేసియుందురు, ఒకే పంక్తిని భుజించియుందురు. ఆ పిమ్మట ఒకనాడు ప్రభాసతీర్థమున మద్యము సేవించి కూర్చున్నపుడు, నిద్రించువారిని చంపుటకు తోడుపడినవాడవు గదా యని సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచినాడు. చేయి తెగి ప్రాయోపవేశమున కూర్చున్న భూరిశ్రవసుని తల నఱికినవాడవు గదా యని కృతవర్మ బదులు చెప్పినాడు. అంతే. కత్తి లేచినది, తుంగ రోకళ్లైనది, యాదవకులము ఇసుకలో కలిసిపోయినది. ముని శాపము, గాంధారి శాపము కారణములని మనము చెప్పుకొందుము, అవి కారణములు కావని నేనును అనను. కాని ముప్పదియాఱేండ్లు నోట రాని రెండు వాక్యములు ఆ యిద్దఱి లోపల ఎట్లుండెనో, ఏ రాత్రి వారిని లేపి కూర్చుండబెట్టెనో, ఆ దుకాణముల మేడమీద నిలిచినపుడు నాకు మొట్టమొదటిసారి తలపునకు వచ్చినది. యుద్ధము ముగిసినను మనస్సును వీడని ఈ వ్యాధికి అమెరికా వైద్యులు పేరు పెట్టి తమ గ్రంథమున చేర్చుట 1980లో జరిగినది. మౌసలపర్వమున దానికి పేరు లేదు; లక్షణములు మాత్రము ఉన్నవి.

మన తెలుగుదేశపు కథ యొకటి ఇంతకంటె కఠినము. తిక్కన సోమయాజి యుద్ధపర్వములను తెనిగించినాడు. ఆయన జ్ఞాతిగా చెప్పబడు ఖడ్గతిక్కన యుద్ధము చేసినాడు. పుల్లరి విషయమై కాటమరాజు దండుతో నెల్లూరి మనుమసిద్ధికి వైరము పుట్టగా, సేనను నడపిన ఖడ్గతిక్కన తన బలము నశించుట చూచి ఇల్లు చేరినాడట. భార్య స్నానమునకు నీళ్లు తోడి, మంచము అడ్డుపెట్టి, పసుపుముద్ద ఉంచినది. ఇదేమని అడుగగా, ఇంట ఆడువారము ముగ్గురమైతిమి గదా, సిగ్గెందులకు అన్నది. భోజనమునకు కూర్చుండగా తల్లి విఱిగిన పాలు పోసినది; నీవు విఱిగి వచ్చితివి, పాలును విఱిగినవి అన్నది. మన భాషలో సేనయు విఱుగును, పాలును విఱుగును. ఆ తల్లి చేతిలో ఆ ఒక్క ధాతువు కత్తియైనది. ఆతడు విస్తరి ముందునుండి లేచి, మరలిపోయి, పోరి, పడినాడు. ఇది చాటువుల కథ. ఎంతవఱకు చరిత్రమో పండితులు తేల్చవలెను. నేను ఈ కథను ఎన్నిమారులు రోమాంచముతో చెప్పితినో లెక్కలేదు. పిల్లలు చప్పట్లు కొట్టెడివారు. షికాగో నుండి వచ్చిన పిమ్మట దీనిని తలచుకొనినపుడు నాకు ఆ వీరపత్నియు వీరమాతయు కనబడలేదు; ఆ మంచము మాటున, ఇంకను దుమ్ము కడుగుకొనని దేహముతో, పసుపుముద్దను చూచుచు నిలిచిన మనుష్యుడు కనబడినాడు. అచట అతడు ఏమి చూచి వచ్చెనో ఒక్కరైనను అడిగిరా? పడినవానికి మనము వీరగల్లు నిలిపితిమి, పాడినవానికి అగ్రహారమిచ్చితిమి. బ్రతికివచ్చి, చూచినదానిని చెప్పబోవువానికి విఱిగిన పాలు పోసితిమి.

ఇది మన ఒక్కరి దోషమని చెప్పుట న్యాయము కాదు. జర్మనీలో ఒట్టో డిక్స్ అను చిత్రకారుడు మొదటి ప్రపంచ యుద్ధమున మరతుపాకి నడపినవాడు. కందకములో కుళ్లిన శవములను తాను చూచినది చూచినట్లు చిత్రించి ఇయ్యగా, కొలోన్ నగరపు ప్రదర్శనశాలవారు కొన్నారు గాని, ఆ చిత్రమునకు ముందు తెర కట్టిరి. స్నానమునకు మంచము అడ్డు, చిత్రమునకు తెర అడ్డు. 1924లో అతడు ఏబది చిత్రముల సంపుటమును వెలువరించినాడు; హిట్లరు అధికారమునకు వచ్చిన యేడే అతని ఉద్యోగము ఊడినది. అంతకు అర్ధశతాబ్ది ముందు రష్యాలో వెరెష్చాగిన్ అనువాడు, సమర్ఖండు కోటలో స్వయముగా పోరాడి పతకము పొందినవాడే, తుర్కెస్తాను యుద్ధమును చిత్రించినాడు. సేనాని వానిలో కొన్నింటిని చూచి ఇది సైన్యమునకు అపకీర్తియని కినుక వహింపగా, మూడు చిత్రములను తన చేతులతో తానే కాల్చివైచినాడు. పుఱ్ఱెల గుట్టను చిత్రించి, భూత భవిష్య వర్తమానముల విజేతలందఱికిని అంకితమిచ్చినవాడు ఈతడే. పోరాడనివాడు గీచిన యుద్ధము సేనానులకు ఎల్లప్పుడు నచ్చును.

ఇంతవఱకు వ్రాసి, నేను కలమును క్రింద పెట్టితిని; ఏలయన, నన్నొక సంశయము ఆ లోహపు మేఘము క్రింద నిలిచిన క్షణమునుండియు పీడించుచున్నది. ఆ బిళ్లలలో వియత్నాం వారి పేరు ఒక్కటియు లేదు. ఆ దేశ ప్రభుత్వము 1995లో వెల్లడించిన లెక్క ప్రకారము పోరాడి పడినవారే 11 లక్షలు. ఆయుధము పట్టనివారు 20 లక్షలు. నేను జాలిపడుచున్నది ఎవరిమీద? తన గ్రామమున తాను నాటు వేసికొనుచున్న రైతు మీదికి అగ్ని కురిపించినవాని మీదనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పి తప్పించుకొనువాడను కాను. ఆ శాలలోని గోడలు మాత్రము, పైన వ్రేలాడు బిళ్లలకంటె నిజాయితీ గలవని చెప్పగలను. ఆ గోడలమీద వియత్నాం ముఖములున్నవి: కన్నులకు గంతలు కట్టబడినవి, గుడిసె ముందు గొంతుక్కూర్చున్నవి. వానిని గీచినవారు వానిని ఎట్టి సమయమున చూచిరో ఊహించుకొన్నచో చూచువాని వెన్ను చల్లబడును. ఎదుటి పక్షమున పోరాడిన వియత్నాం చిత్రకారుల పనికిని ఆ సంస్థ తన సేకరణలో చోటిచ్చినది. నేరము చేసినవాడు తన నేరమును తానే గీచి, దానిక్రింద తన పేరు వ్రాసి, వచ్చి పోవువారందఱు చూచునట్లు మేకు కొట్టి వ్రేలాడదీయుట క్షమ కోరుట యగునా? కాకపోవచ్చును. ఏ న్యాయస్థానమును అతనిని పిలువలేదు. పిలువని సాక్షి తానై వచ్చి బోనెక్కినాడు. దానికి నేను శిక్ష వేయలేను, విడిచిపెట్టనును లేను.

ఇరాకు యుద్ధము నుండి వచ్చిన వారిలో కొందఱు 2007 ప్రాంతమున వెర్మాంటు రాష్ట్రమున మఱియొక పనికి పూనుకొనిరని మా అమ్మాయి చెప్పగా చదివితిని. తాము ధరించిన సైనికదుస్తులను ముక్కలు ముక్కలుగా కత్తిరించి, నీటిలో నానవైచి, యంత్రమున గుజ్జు చేసి, ఆ గుజ్జుతో కాగితము చేయుదురట. ఆ కాగితముపై బొమ్మలు గీతురు, కొందఱు పద్యములు వ్రాయుదురు, కొందఱు ఏమియు వ్రాయక తెల్లగనే ఉంచుకొందురు. బట్ట గుజ్జగుటలో నాకు క్రొత్త యేమియు తోచలేదు. చినిగిన గుడ్డలతో కాగితము చేయుట పూర్వమునుండియు ఉన్నదే. ఏమియు వ్రాయక ఉంచుకొన్నవారి సంగతియే నన్ను పట్టుకొన్నది.

ఎందుకనగా మా ఇంటను అట్టివాడొకడు ఉండెను.

మాది తాడేపల్లిగూడెము చేరువ పల్లె. ఆ ప్రాంతమున మిలటరీ మాధవరమని పేరు పడిన ఊరు కలదు. మొదటి ప్రపంచ యుద్ధకాలము నుండి తరతరములుగా సైన్యమునకు మనుష్యులను పంపిన ఊరు. ఆ గాలి మా పల్లెకును సోకినది. మా పెదనాన్నగారు 1942లో ఇంట చెప్పక పోయి సైన్యమున చేరి, లారీ నడపుట నేర్చి, బర్మా సరిహద్దునకు పోయిరి. రెండవ ప్రపంచ యుద్ధమున భారతసైన్యము 25 లక్షలకు పెరిగినదని చరిత్రగ్రంథములు వ్రాయును. ఆ పాతిక లక్షలలో ఆయన ఒకరు. దిమాపూరు నుండి కోహిమా మీదుగా ఇంఫాలునకు పోవు కొండదారిలో సరకులు చేరవేయుట ఆయన పని. 1944లో జపానువారు ఆ దారిని తెంచి కోహిమాను ముట్టడించినదియు, ఆ సంవత్సరము జూను 22వ తేదిన 109వ మైలురాయి యొద్ద రెండు వైపుల సేనలు కలిసికొని దారి తెఱచినదియు నేను పెద్దవాడనైన పిమ్మట చదువుకొన్న సంగతులు. ఆయన నోట కోహిమా యన్న మాటను నేను వినలేదు. 1946లో ఇల్లు చేరి, పెండ్లి చేసికొనక, పొలము చూచుకొనుచు, 1963లో పోయిరి.

ఆయన చేసెడిదొకటి ఉండెను. మా ఇంటి వెనుక వసారాలో ఒక పెద్ద మట్టిగోడ. ఆ గోడపై ఆయన బొగ్గుతో ఒక దారిని గీచెడివారు. నేలనుండి మొదలై, పాము ప్రాకినట్లు మలుపులు తిరుగుచు, పైకి పైకి పోయి, ఎత్తున ఆగిపోవు దారి. దారి ప్రక్కన చెట్లు లేవు, మనుష్యులు లేరు, లారీయు లేదు. ఒక మలుపు దగ్గఱ మాత్రము చిన్న మైలురాయి. దానిపై అంకె వేయలేదు. అది 109వ రాయియని వ్రాయుటకు నా చేయి లాగుచున్నది. కాని నాకు తెలియనిదానిని వ్రాయరాదు. ఏటేట సంక్రాంతికి ముందు మా నాయనమ్మ ఆ గోడకు సున్నము కొట్టించెడిది. పండుగ వెళ్లిన పదిదినములలో ఆయన పొయ్యిలోని బొగ్గు ఏఱుకొని వచ్చి, ఆ దారినే, ఆ చోటనే, మఱల గీచెడివారు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు, తెల్లని గోడను పాడుచేయుచున్నాడు, అడుగవేమి అని నాయనమ్మను అనెడివారు. ఆమె, "వాడి రోడ్డు వాడిది, నా గోడ నాది" అనెడిది. ఆమె ఆయనను తిట్టుట నేను చూడలేదు. ఒక్క యేడైనను సున్నము మానుటయు చూడలేదు.

పెదనాన్నగారూ, ఇది ఎక్కడికి పోయే దారి అని ఒకమారు నేనడిగితిని. నాకప్పుడు ఎనిమిదేండ్లుండును. ఆయన బొగ్గు పట్టిన వ్రేళ్లను పంచెకు తుడుచుకొని, "పోయేది కాదురా అబ్బాయ్, గేరు మార్చే చోటు తెలియాలి" అని మాత్రము చెప్పి, గీయుచునే యుండిరి. అది నా ప్రశ్నకు సమాధానము కాదని ఆనాడు చిన్నబుచ్చుకొంటిని.

ఆ ఇల్లు ఇపుడు లేదు. ఆ చోట మేడ వేసినారు. షికాగో నుండి వచ్చిన వారమునకు తాడేపల్లిగూడెములో నున్న మా అక్కకు ఫోను చేసి, ఆ గోడమీది దారికి ఎన్ని మలుపులుండెడివో నీకు జ్ఞాపకమున్నదా అని అడిగితిని. ఇన్నాళ్లకు ఇదేమి ప్రశ్న అని ఆమె నవ్వినది. నేను తొమ్మిదంటిని. ఆమె పదకొండు అన్నది. కాదు, తొమ్మిదే, నేను వ్రేలితో ఎన్నోమారులు లెక్కపెట్టితినని వాదించితిని. "నీకు కనబడేవి తొమ్మిదేరా. చివరి రెండూ వంటింటి తలుపు వెనకాలకి తిరిగేవి. నువ్వు మగపిల్లాడివి, అటు ఎప్పుడొచ్చావు?" అని అక్క అన్నది.